సారు చెంపలో ఏడు రంగులు

ఆమె సంస్మరణ సభలో ఆరుగురు మాట్లాడారు. ఆరుగురూ ఆమె వినయం గురించే మాట్లాడారు. "నోట్లో నాలుక లేని మనిషి" అని ఒకాయన అన్నప్పుడు నేను తాగుతున్న మంచినీళ్లు గొంతుకు అడ్డం పడి దగ్గు తెర వచ్చింది. పక్క కుర్చీలో ఉన్నావిడ నా వీపు నిమురుతూ, "ఏడువకు అక్కా, మంచోళ్లకే గిట్లయితది" అని ఓదార్చింది. ఏడుస్తున్నాననే అనుకోనిచ్చాను. నిజానికి మొయినాబాద్ ఫంక్షన్ హాల్లో ఆ మూడో వరసలో కూర్చుని నేను నవ్వు ఆపుకుంటున్నాను. ఆమె ఉండి ఉంటే అసలు ఆపుకునేదే కాదు.

వేదిక మీద ఆమె భర్త కండువాతో కళ్లు తుడుచుకుంటున్నాడు. ఆ కన్నీళ్లు నిజమైనవే. ఆయన గురించి నేను చెప్పబోయే మిగతా సంగతులూ నిజమే. ఆయన్ని అందరూ సర్పంచ్ సాబ్ అంటారు. ఆయన ఏనాడూ సర్పంచ్ కాలేదు. ఎంకపల్లి దగ్గరి వాళ్ల ఊరికి మహిళా రిజర్వేషన్ వచ్చిన సారి ఆమె నామినేషన్ వేసింది, ఆయన గెలిచాడు. ఐదేళ్లు పదవిలో ఆమె ఉంది, కుర్చీలో ఆయన ఉన్నాడు. ఊరు ఈ ఏర్పాటుకు ఎంత చక్కగా అలవాటు పడిందంటే, పదవి ముగిసిన తరువాత కూడా ఆయన సర్పంచ్ సాబ్‌గానే మిగిలాడు. ఆమెకు మాత్రం 'మాజీ' అనే మాట దక్కింది.

నాకు చేవెళ్లలో మ్యాచింగ్ సెంటర్ ఉంది. జాకెట్టు గుడ్డలు, లైనింగులు, ఫాల్సు, దారాలు అమ్ముతాం. దుకాణం పై గదిలో వారానికి మూడు మధ్యాహ్నాలు నేను కుట్టుపని నేర్పుతాను. పెళ్లి జాకెట్ల కోసం మగ్గం పని నేర్చుకునేవాళ్లు బాగానే వస్తారు. నీడిల్ పెయింటింగ్ అంటే ఎవరూ రారు. ఒకే ఒక్క పోగు దారంతో, రంగు పక్కన రంగు పేర్చుకుంటూ, బొమ్మ గీసినట్టు కుట్టే పని అది. చిన్న ఆకు కుట్టడానికి రెండు రోజులు పడుతుందని చెప్పగానే వచ్చినవాళ్లు చెప్పులు వెతుక్కుంటారు.

ఆమె మా మెట్లు ఎక్కి వచ్చిన రోజున ముందు ఆయన వచ్చాడు. మాట్లాడిందీ ఆయనే.

"సేటమ్మా, మా ఇంటామెకు కుట్టుడు నేర్పాలె. జన్వాడల ఒక ఫామ్‌హౌస్‌కు పోయిన. గోడకు పులి బొమ్మ ఉన్నది. పెయింటింగ్ అనుకున్న. దగ్గరికి పోయి చూస్తే దారం. సారు పుట్టినరోజుకు గసోంటిది ఇయ్యాలె. సారు మొఖం. క్రేన్‌తోని గజమాల అందరు ఏస్తున్నరు, కేకులు అందరు కోయిస్తున్నరు. సర్పంచ్ సొంతంగ కుట్టిందంటే అది వేరే ఉంటది."

సారు అంటే మా వైపు పెద్ద నాయకుడు. పేరు చెప్పనక్కర్లేదు. అప్పట్లో ప్రతి కరెంటు స్తంభం మీదా ఆయన నవ్వుతూ ఉండేవాడు.

"సర్పంచ్ ఎవరు?" అని ఆమె అడిగింది. ఆమె నోట నేను విన్న మొదటి మాట అదే.

ఆయన నా వైపు తిరిగి నవ్వాడు. "గిట్లనే జోకులేస్తది."

మనిషి ముఖం కుట్టాలంటే నేర్చుకోవడానికే ఏడాది పడుతుందని చెప్పాను. సారు పుట్టినరోజు ఏడాది ఆగదని ఆయన చెప్పాడు. ఏడు నెలల సమయం ఉంది. మండలంలో ఏదో కమిటీకి చైర్మన్ కుర్చీ ఖాళీ అయిందనీ, దాని మీద నలుగురి కన్ను ఉందనీ, ఆ నలుగురిలో మూడు జతల కళ్లు తనవాటికన్నా ముందున్నాయనీ ఆయన దాచకుండానే చెప్పాడు. ఆమె ఈలోపు నా దారాల డబ్బా తెరిచి చూస్తోంది. ఎర్ర రంగులోనే పద్దెనిమిది రకాలుంటాయని ఆమెకు అప్పుడే తెలిసిందట. "గిన్ని ఎరుపులు ఏం జేసుకుంటవు సేటమ్మా?" అంది. "పండు కుట్టాలంటే కావాలె అక్కా" అన్నాను. "పండుకు గింత నాటకమా" అని డబ్బా మూసింది.

ఆమెకు యాభై దాటాయి. ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. నూలు చీరలు, ముక్కు మీదికి జారే కళ్లజోడు, చెంపలో ఎప్పుడూ నానుతూ ఉండే సోంపు గింజలు. కుట్టేది ఆగినప్పుడల్లా సూదిని భుజం మీది కొంగుకు గుచ్చుకునేది. ఒక్కోసారి అలాగే ఇంటికి వెళ్లిపోయేది. తల వంచుకుని మాట్లాడేది కాబట్టి తెలియనివాళ్లకు అణకువలా కనిపించేది. మాట వింటే తెలిసేది అది అణకువ కాదని.

లాంగ్ అండ్ షార్ట్ కుట్టు అంటే పేరులో ఉన్నదే. మొదటి వరసలో ఒక కుట్టు పొడుగు, దాని పక్కది పొట్టి. రెండో వరసకు రంగు ఒక్క పిసరు మారుతుంది. ఆ వరస కుట్లు పై వరస దారాన్ని చీల్చుకుని బయటికి రావాలి. అట్లా చేస్తే ఒక రంగు ఎక్కడ ఆగిందో, ఇంకోటి ఎక్కడ మొదలైందో కంటికి దొరకదు. మొదటి రోజు నేను పెన్సిలుతో చుక్కలు పెట్టాను. ఆమె చుక్క మీద సూది దించుతూ అంది: "ఐదేండ్లు చూపెట్టిన కాడ సంతకం పెట్టిన. ఇప్పుడు చూపెట్టిన కాడ సూది పెడుతున్న. నా పనేం మారలే సేటమ్మా, కాయితం పోయి గుడ్డ వచ్చింది."

దారాన్ని గుంజి లాగేది. బర్రె పలుపు లాగినట్టు లాగేది. గుడ్డ ముడుచుకుపోయేది. మొదటి ఆకు అయ్యాక గుడ్డ బిగించిన రింగును దూరంగా పట్టుకుని తల పక్కకు వంచి చూసింది.

"ఇది ఆకా, రంపమా?"

"మొదట్ల అందరికి గట్లనే అయితది అక్కా. మస్తు కుట్టినవ్."

"అందరి సంగతి ఇడిసిపెట్టు. ఇది ఆకా, రంపమా?"

"రంపమే."

"గట్ల చెప్పాలె." కత్తెర తీసుకుని ఆకు మొత్తం విప్పేసింది.

మ్యాచింగ్ సెంటర్ నడిపేవాళ్లకు ఒక మాట నాలుక మీదే ఉంటుంది. 'మీకు మస్తుంటది.' బులుగు పట్టుకున్నా మస్తుంటది, బూడిద రంగు పట్టుకున్నా మస్తుంటది. మా వ్యాపారం అంతా ఆ ఒక్క మాట మీదే నిలబడి ఉంది. ఆమె త్వరగా వచ్చిన రోజుల్లో కింద దుకాణంలో స్టూలు మీద కూర్చుని ఇది వినేది. ఒకరోజు పైకి వచ్చాక అంది: "పొద్దటి సంది ఏడుగురికి మస్తున్నది అన్నవ్. బాగలేనిది ఒక్కలకన్న లేదా ఈ చేవెళ్లల?"

"దుకాణం అక్కా. గట్లనే అనాలె."

"మా సాబ్ గుడ గంతే. రాజకీయం, గట్లనే అనాలె అంటడు."

మూడో నెలలో ఒక వంకాయ తెచ్చింది. తోటలోంచి కోసి, హ్యాండ్‌బ్యాగులో కళ్లజోడు డబ్బా పక్కన పెట్టుకుని తెచ్చింది. కిటికీ గట్టు మీద పెట్టి, నా దారాలన్నీ ఒక్కొక్కటే దాని పక్కన ఆనించి చూసింది. గంటసేపు సూది పట్టనే లేదు. వంకాయలో వంకాయ రంగు తక్కువేనని ఆమె కనిపెట్టింది. ఒక పక్క నలుపు, ఒక పక్క ఇటుక రంగు, పైన కిటికీలోంచి పడ్డ ఆకాశం ముక్క. తొడిమ కింద, ఎండ తగలని చోట దాదాపు తెలుపు.

"ముప్పై ఏండ్ల సంది వండుతున్న. కోసిన గని, చూడలే" అంది.

నాలుగు రోజులకు వంకాయ వడలిపోయింది. కొత్తది తెమ్మన్నాను. వద్దంది. వడలిన చోట ముడతలతో సహా కుట్టింది. ఆ బొమ్మ చూసి నేను "మస్తున్నది" అనబోయి, మాట మింగి, "వంకాయ లెక్కనే ఉన్నది" అన్నాను. ఆమె తల ఊపింది. నా దగ్గర నేర్చుకున్న ఏ మనిషీ ఆ మాటకు అంత సంతోషపడలేదు.

అప్పటినుంచి ఆమెకు చూడటం పట్టుకుంది. భర్త వెంట సభలకు పోయి ముందు వరసలో నిద్రపోయే మనిషి, నిద్ర మానేసింది. "టైం సరిపోతలేదు సేటమ్మా. ఒక్కొక్కని చెంపల నాలుగైదు రంగులున్నయి. స్పీచులు జల్దిన అయిపోతున్నయి" అని బాధపడేది. స్పీచులు త్వరగా అయిపోతున్నాయని బాధపడిన మనిషిని మా రంగారెడ్డి జిల్లాలో నేను ఆమెనొక్కదాన్నే చూశాను. ఆమె భర్త దీన్ని వేరేగా అర్థం చేసుకున్నాడు. మా ఇంటామెకు ఈమధ్య పార్టీ మీద శ్రద్ధ పెరిగిందని అందరికీ చెప్పాడు.

ఆయన సారు ఫోటో తెచ్చిచ్చాడు. ఫ్లెక్సీలకు వాడేదే. స్టూడియోవాళ్లు తుడిచి తుడిచి చెంపలు నున్నగా చేసి, పెదవులకు గులాబీ రంగు పూసిన ఫోటో.

"దీంట్ల మొఖం లేదు" అంది ఆమె. "మైదాపిండి ముద్ద ఉన్నది. కండ్ల కాడ రెండు బొక్కలు పెట్టిండ్రు. నేను సారును చూడాలె."

సర్పంచ్ సాబ్ పొంగిపోయాడు. నెల రోజుల్లో మూడుసార్లు ఆమెను సారు బంగ్లాకు తీసుకుపోయాడు. పింఛన్ల కోసం, బదిలీల కోసం, చందనవెల్లి కంపెనీల్లో పిల్లలకు నౌకరీల కోసం వచ్చినవాళ్ల మధ్య ఆమె వరండాలో ఓ బెంచీ మీద కూర్చుని చూసేది. మూడోసారి సారే పిలిచి అడిగాడట.

"ఏమమ్మా, ఏమన్న పనున్నదా?"

"లేదు సార్. చూస్తున్న."

ఏ పనీ లేకుండా చూడ్డానికి వచ్చిన మనిషి ఆయనకెప్పుడూ తగిలినట్టు లేదు. ఆ తరువాత ఆయన రెండుసార్లు తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడని ఆమె చెప్పింది. "ఏమన్న అంటుకున్నదనుకున్నడు పాపం."

చెంపకు ఏడు రంగులు పట్టాయి. అందులో ఒకటి లేత ఆకుపచ్చ. అది నేను వద్దన్నాను. ముఖంలో ఆకుపచ్చ ఏమిటన్నాను. "గడ్డం గీసినంక చూసినవా ఎప్పుడన్న?" అంది. దవడ దగ్గర నాలుగే నాలుగు కుట్లు వేసింది. వేశాక అది గడ్డం గీసుకున్న దవడ అయింది. ఆ రోజునుంచి నేను చెప్పడం మానేసి పక్కన కూర్చోవడం మొదలుపెట్టాను. నేర్పినందుకు ఫీజు నేనే తీసుకుంటున్నాను కాబట్టి ఈ మార్పు ఎవరికీ చెప్పలేదు.

బొమ్మ పూర్తయిన రోజు నాకింకా గుర్తుంది. చెవి పక్కన రంగు అందని తెల్లవెంట్రుకలు. కళ్ల కింద సంచులు. ఎడమవైపు కాస్త దిగిన పెదవి. వెక్కిరించినట్టు ఎక్కడా లేదు. పొద్దుటినుంచీ వచ్చినవాళ్ల గోడు వినీ వినీ, ఇంకొకరు వస్తుంటే సర్దుకుని కూర్చునే మనిషి అందులో ఉన్నాడు. ఇన్నేళ్లూ స్తంభాల మీద ఆయన్ని చూసి ఏనాడూ ఏమీ అనుకోని నాకు మొదటిసారి ఆయన మీద జాలి కలిగింది.

"సారు గిట్ల గుడ ఉంటడా అక్కా" అన్నాను.

"గిట్లనే ఉంటడు. ఎవరన్న చూసి ఎన్నొద్దులైందో ఏమో."

కింద కుడి మూలన ఆకుపచ్చ దారంతో తన పేరు కుట్టింది. పేరు పక్కన 'మాజీ' లేదు.

మర్నాడు సర్పంచ్ సాబ్ చూడ్డానికి వచ్చాడు.

"ఇదేంది?"

"సారు" అంది ఆమె.

"సారు గిట్లుంటడా?"

"గట్లనే ఉంటడు. నువ్వెప్పుడు కాళ్లు చూస్తవ్, మొఖం చూడలే."

ఆయన ఆమెతో మాట్లాడటం దండగనుకుని నా వైపు తిరిగాడు. "సేటమ్మా, నువ్వు సరిజెయ్యాలె. ఎంటికలకు నల్లదారం ఎయ్యి. కండ్ల కింద సంచులు తీసెయ్యి. జర నవ్వించు."

"నేను ముట్ట" అంది ఆమె. చెప్పులేసుకుని మెట్లు దిగిపోయింది.

ఆయన నన్ను బెదిరించాడని చెబితే అబద్ధమవుతుంది. నా మెట్ల గురించి బాధపడ్డాడు, అంతే. అప్పట్లో రోడ్డు వెడల్పు చేస్తామని మా వరస దుకాణాల ముందు ఎర్రరంగుతో గుర్తులు పెట్టారు. మా గుర్తు సరిగ్గా రోడ్డు మీంచి దుకాణంలోకి ఎక్కే మెట్ల మీద పడింది. "మీ మెట్లు పోతే గిరాకీ ఎట్ల ఎక్కుతరమ్మా, నాకే ఫికర్ అయితున్నది. సారుకు ఒక్క మాట చెప్త" అని, బొమ్మ నా బల్ల మీద పెట్టి వెళ్లాడు.

క్లాసుకు వారం సెలవని ఆమెకు ఫోన్ చేసి చెప్పాను. మా అమ్మాయికి జ్వరమన్నాను. అమ్మాయి ఆ సమయంలో కిందే లైనింగు కొలుస్తోంది. ఆ వారమంతా గది తలుపు వేసుకుని కూర్చున్నాను. తెల్లవెంట్రుకలు ఒక్కొక్కటీ విప్పి నలుపు నింపాను. సంచులు తీసి చెంపతో కలిపేశాను. దిగిన పెదవి మూలను ఎత్తి నవ్వు తెప్పించాను. దవడ మీది ఆకుపచ్చ కూడా తీసేశాను. అది నాకు మొదటినుంచీ నచ్చలేదని నాకు నేనే చెప్పుకున్నాను. నా పనితనానికి నేనే మురిసిపోయాను. సారుకు పదిహేనేళ్లు తగ్గాయి. పూర్తయ్యాక దూరంగా పట్టుకుని చూస్తే, కరెంటు స్తంభం మీది ముఖం.

సెలవు ముగిశాక ఆమె వచ్చింది. అమ్మాయికి జ్వరం తగ్గిందా అని అడగలేదు. బొమ్మ కిటికీ దగ్గరికి తీసుకుపోయి చూసింది. సోంపు నమలడం ఆపింది.

"చెయ్యి మంచిదే నీది" అంది.

అన్నాళ్లలో ఆమె నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. అంతకన్నా తిట్టి ఉంటే బాగుండేది. తరువాత కొంగుకున్న సూది తీసి, చిన్న కత్తెర అడిగింది. ఇచ్చాను. కూర్చుని, కింది మూలన ఉన్న తన పేరును అక్షరం అక్షరం విప్పడం మొదలుపెట్టింది.

"అక్కా, సాబ్ ఏమన్న అంటడు."

"ఐదేండ్లు నేను చదవని కాయితాల మీద సంతకం పెట్టిన" అంది తలెత్తకుండానే. "ఇది చదివిన."

దారం ముక్కలు ఊది, గుడ్డను గోటితో సాపు చేసి నా ముందు పెట్టింది. "నువ్వు కుట్టినవ్ గద. నీ పేరు పెట్టుకో."

పెట్టుకోలేదు. అంత ధైర్యమూ లేదు, అంత సిగ్గులేనితనమూ లేదు. ఆ బొమ్మ ఏ పేరూ లేకుండానే ఫ్రేముకెక్కింది.

పుట్టినరోజు సభ మొయినాబాద్ దాటాక ఒక తోటలో జరిగింది. నేనూ వెళ్లాను, మెట్ల కోసం. గజమాలలు అయ్యాయి, కేకులు అయ్యాయి, వెండి కత్తి ఒకటి అయింది. అప్పుడు సర్పంచ్ సాబ్ మైకు అందుకుని, తన శ్రీమతి ఏడు నెలలు నిద్రాహారాలు మాని స్వహస్తాలతో కుట్టిన చిత్రపటం అని చెప్పి ముసుగు తీయించాడు. జనం చప్పట్లు కొట్టారు. సారు బొమ్మ చేతిలోకి తీసుకుని నిజంగానే చూశాడు. ఆయనకు అది చాలా నచ్చింది. నచ్చకేం, ఆయనకు నచ్చేట్టే కదా నేను కుట్టాను.

"మస్తున్నదమ్మా. అంత నువ్వే కుట్టినవా?" అని ఆమెను అడిగాడు. మైకు ఆమె ముందుకు వచ్చింది.

"లేదు సార్. ఇది నేను కుట్టలే."

సర్పంచ్ సాబ్ చెంపల్లో అప్పుడు ఎన్ని రంగులు కనిపించాయో నేను లెక్కపెట్టలేకపోయాను. నేను కుర్చీలో వీలైనంత కిందికి జారాను. ఇప్పుడు నా పేరు చెబుతుంది, నా మెట్లతో పాటు నేనూ పోతాననుకున్నాను.

"నేను కుట్టింది మీ లెక్క ఉండె. ఇది మీ ఫోటో లెక్క ఉన్నది" అని ఆమె మైకు పక్కకు జరిపింది.

సారు ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూశాడు. తరువాత పకపకా నవ్వాడు. "చూసిండ్రా ఎంత వినయమో. ఏడు నెలలు కష్టపడి కుట్టి, నేను కుట్టలే అంటున్నది. మీరు పని చేయకుండనే చేసినమని చెప్పుకుంటరు. ఈమెను చూసి నేర్చుకోండ్రి."

ఈసారి వచ్చినన్ని చప్పట్లు గజమాలకు కూడా రాలేదు. సర్పంచ్ సాబ్ తేరుకుని, "ఎప్పుడు గింతే సార్. ఏం చేసినా చెప్పుకోదు" అన్నాడు. సారు ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. ముందున్న మూడు జతల కళ్లు ఆ చెయ్యిని చూశాయి.

భోజనాల దగ్గర ఆమె నాకు దొరికింది. చేతిలో పళ్లెం, కళ్ల నిండా నీళ్లు. ఏడుస్తోందేమో అనుకుని దగ్గరికి పోయాను. నవ్వుతోంది. నవ్వలేక గోడకు ఆనుకుంది.

"నిజం చెప్పినా గుడ పనికొచ్చింది సేటమ్మా ఈయనకు" అంది.

నెల తిరక్కుండా ఆయన చైర్మన్ అయ్యాడు. ఆమె వినయం ఆనాటినుంచి మా రెండు మండలాల్లో ఖాయమైపోయింది. ఆమె ఎక్కడ ఏ మాటన్నా, ఎంత కటువుగా అన్నా, జనం నవ్వి 'వినయం' అనుకోవడం మొదలుపెట్టారు. నా మెట్ల సంగతి కూడా చెప్పాలి. అవి మూడో నెలలో పోయాయి. జేసీబీ వచ్చి పొద్దున పదింటికల్లా తీసేసింది. ఆ మధ్యాహ్నం ఆమె వచ్చి కంకర కుప్ప మీద నిలబడి కింది నుంచి నన్ను పిలిచింది.

"నల్లదారం ఏసినా ఆగలేదా?"

చేయి పట్టుకుని పైకి లాగాను. కూర్చుంది, రింగు తీసింది, కుట్టుకుంది. ఆ తరువాత ఏడాదిపాటు అలాగే వచ్చింది. కోడిపుంజు కుట్టింది, కుళ్లిన టమాటా కుట్టింది, వాళ్లింటి కుంటి బర్రె కన్ను ఒక్కటే కుట్టింది. సారు బొమ్మ గురించి మళ్లీ ఎత్తలేదు. తప్పయింది అక్కా అని చెప్పాలని నేను ప్రతిసారీ నోరు తెరిచేదాన్ని. తీరా తెరిచాక, "చాయ్ తాగుతవా" అనేదాన్ని. ఆమె తాగేది. అట్లా ఆమెతో ఎన్ని చాయ్‌లు తాగించానో.

తరువాత రావడం తగ్గింది, తరువాత మానేసింది. నగరంలో పెద్ద దవాఖానలో చూపిస్తున్నారని తెలిసింది. ఇంటికి తెచ్చారని విన్నాక యాపిల్ పళ్లు, కొబ్బరిబోండాలు పట్టుకుని బస్సెక్కి వెళ్లాను. చైర్మన్ గారే తలుపు తీశాడు. పంచె మీద గంజి మరకలున్నాయి. తనే తాగిస్తున్నాడట. "కుట్టొద్దంటే వినదు. జర నువ్వన్న చెప్పు" అని గుసగుసగా చెప్పి లోపలికి పంపాడు.

కిటికీ పక్కన మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉంది. మనిషి సగమైంది. కళ్లజోడు ముఖానికి పెద్దదైంది. చేతిలో రింగు ఉంది.

"ఏం కుడుతున్నవ్ అక్కా?"

రింగు నా వైపు తిప్పింది. నా ముఖం.

నవ్వుతున్న ముఖమే. దుకాణంలో గల్లా పెట్టె పక్కన నిలబడి నేను నవ్వే నవ్వే. అది పెదవుల దగ్గర మొదలై అక్కడే ఆగిపోయింది. కళ్లు మాత్రం ఎదుటి మనిషి ఏ మాటకు కరుగుతుందా అని వెతుకుతున్నాయి. గడ్డం ఓ పిసరు పైకెత్తి ఉంది. అబద్ధం చెప్పేటప్పుడు నేను గడ్డం ఎత్తుతానని నాకు అప్పటిదాకా తెలియదు. కోపం వచ్చింది. రెండు బస్సులు మారి, బోండాలు మోసుకుని వచ్చినదాన్ని.

"నేను గిట్లున్ననా?"

ఆమె తల పక్కకు వంచి నన్ను చూసింది. బొమ్మను చూసింది. మళ్లీ నన్ను చూసింది.

"లేవు."

నాకు ప్రాణం లేచి వచ్చింది.

"ఇంకా ఎక్కువున్నవ్. నువ్వని జర తగ్గించిన" అంది. "ఎవరికి చెప్పకు, ఇజ్జత్ పోతది నాది."

సారుకు ఒక్క తెల్లవెంట్రుక తగ్గించని మనిషి. యాపిల్ కోస్తానని చాకు వెతుకుతూ లేచాను.

"కూసో. చెవి మిగిలింది. గా కిటికీ దిక్కు తిరుగు."

కూర్చున్నాను. కిటికీ అవతల చామంతి తోటకు నీళ్లు పెడుతున్నారు, మోటారు చప్పుడు వినిపిస్తోంది. ఆమె వేళ్లు వణుకుతున్నాయి. సూది గుడ్డలో దిగిన తరువాత మాత్రం వణకడం లేదు. ఎంతసేపు కూర్చున్నానో. నవ్వకుండా ఒక మనిషి ముందు అంతసేపు నేను ఎప్పుడూ కూర్చోలేదు. నవ్వు తీసేశాక నోట్లో మిగిలింది, ఇన్నాళ్లూ చాయ్ కింద దాచుకున్న ఆ ఒక్క మాటే.

"అక్కా, సారు బొమ్మ నేను గట్ల..."

"మాట్లాడకు. మెడ కదులుతున్నది."

ఆగిపోయాను. చెవి మొదలునుంచి వేడి పైకి పాకడం నాకే తెలుస్తోంది. ఆమె కళ్లజోడు పైకి తోసుకుని కాసేపు నా చెవిని చూసింది. తరువాత సూదిలో ఉన్న దారం లాగేసి, పక్కనున్న డబ్బాలో ఎరుపుల కోసం వెతికింది.